లంక ఊరి పాత ఫొటోలు, కాగితాలు: తొమ్మిది నెలల పని డైరీ

కోనసీమలో గోదావరి పాయను ఆనుకుని ఉన్న ఒక లంక గ్రామంలో చేసిన పని ఇది. ఇళ్లలో మిగిలిన పాత ఫొటోలు, దస్తావేజులు, మ్యాపులు స్కాన్ చేసి, ఏది ఏ కాలానిదో తేల్చడం. మీ ఊళ్లో ఇదే పని పెట్టుకునేవాళ్లు నేను చేసిన తప్పులు మళ్లీ చేయకూడదని రాస్తున్నాను. సాఫీగా జరిగిన పనుల గురించి తక్కువే ఉంటుంది.

దశ 1: ఇళ్ల చుట్టూ తిరగడం (1–3 వారాలు)

ఫొటోలు ఇంటికి తెచ్చుకుని స్కాన్ చేసి తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. మొదటి నాలుగిళ్లలో ఎవరూ ఇవ్వలేదు. "ఇదివరకు ఒకాయన ఇలాగే పట్టుకెళ్లాడండి, మళ్లీ కనపళ్లేదు" అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కాబట్టి స్కానరే వాళ్లింటికి వెళ్లాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే పల్చటి యూఎస్‌బీ స్కానర్ అయితే మేలనిపించి అదే కొన్నాను. దానివల్ల వచ్చిన తంటా కింద చెబుతాను.

ఇంటికి వెళ్లాక చేసే పనుల వరస ఇలా కుదిరింది:

1. ఫొటో గోడ మీదో పెట్టెలోనో ఎలా ఉందో అలాగే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయడం.
2. ఇంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాయడం. దిద్దకూడదు.
3. వెనకవైపు ఏం రాసుందో చూడడం, దాన్నీ స్కాన్ చేయడం.
4. నంబరు వేయాల్సి వస్తే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో మాత్రమే. బాల్‌పెన్ సిరా ముందువైపుకి ఊరుతుంది, నొక్కుడు గీత కూడా పడుతుంది.
5. అదే రోజు, వాళ్ల కళ్ల ముందే తిరిగి పెట్టెలో పెట్టేయడం.

ఇక నన్ను ఇప్పటికీ బాధపెట్టే తప్పు. ఏడో ఇంట్లో ఒక పెళ్లి ఫొటో, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది. గోదావరి పక్క ఇళ్లలో చెమ్మకి ఇది మామూలే, ఫొటో పైపొర జిగటగా మారి అద్దాన్ని పట్టేస్తుంది. స్కానర్ మీద సాపుగా పడుకోవాలని, మూల నుంచి మెల్లగా లాగాను. పెళ్లికొడుకు భుజం దగ్గర రూపాయి బిళ్లంత పొర అద్దానికే ఉండిపోయింది. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, ముక్కని కళ్లకద్దుకుని ఫ్రేము వెనక దాచారు. అతుక్కున్న ఫొటోని లాగొద్దు, తడపొద్దు, వేడి చేయొద్దు. అద్దంతో సహా అలాగే ఉంచి నకలు తీయండి.

అద్దంతో సహా స్కాన్ చేస్తే బొమ్మ మసగ్గా వచ్చింది. కారణం ఆ పల్చటి స్కానరే. ఆ రకం సెన్సర్‌కి గాజుపలక మీద ఆనుకున్నదే స్పష్టంగా కనబడుతుంది. రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా పట్టు తప్పుతుంది. లావుపాటి పాతరకం ఫ్లాట్‌బెడ్ స్కానర్లకి ఈ ఇబ్బంది చాలా తక్కువ. అప్పటినుంచి ఫ్రేముల్లో ఉన్నవాటిని కెమెరాతోనే తీస్తున్నాను. కెమెరా స్టాండు మీద, రెండు లైట్లు రెండువైపులా 45 డిగ్రీల కోణంలో, నా వెనక నల్లగుడ్డ. గుడ్డ లేకపోతే అద్దంలో నా మొహమే పడుతోంది.

ఇప్పటిదాకా: ఇళ్లు 14, ఫొటోలు 96, కాగితాలు 41. పాడుచేసింది 1.

దశ 2: స్కానింగ్ మళ్లీ మొదటికి (4–8 వారాలు)

మొదటి 58 ఫొటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), జేపెగ్‌గా, అంటే కుదించిన ఫైలుగా చేశాను. తెర మీద బాగానే ఉన్నాయి. ఒక దుకాణం ఫొటోలో బోర్డు మీద అక్షరాలు చదవాలని పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా విడిపోయింది. ఆ అక్షరాలుంటే దుకాణం ఎవరిదో, దాన్నిబట్టి కాలం తేలేది. మొత్తం 58 మళ్లీ చేశాను. మళ్లీ అవే ఇళ్లకి వెళ్లి, మళ్లీ అడిగి.

సైజులు లెక్కేసుకుంటే ఇలా ఉన్నాయి. 4×6 అంగుళాల ఫొటో 300 డీపీఐలో సుమారు 6.5 ఎంబీ, 600లో 26 ఎంబీ, 1200లో 104 ఎంబీ (కుదించని టిఫ్, రంగుల్లో). కానీ మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి బాక్స్ కెమెరా నాటి చిన్న ప్రింట్లు, 6×9 సెంటీమీటర్లవి. వాటిని 300లో చేస్తే పొడవు వెయ్యి పిక్సెళ్ల చిల్లరే వస్తుంది. అందుకని నేను పెట్టుకున్న నియమం:

1. పోస్టుకార్డు సైజు, ఆపైన: 600.
2. అంతకన్నా చిన్నవి: 1200.
3. చేత్తో రాసిన కాగితాలు: 400. సిరా వెలిసిపోయి ఉంటే 600.
4. అన్నీ టిఫ్, అన్నీ రంగుల్లో. నలుపు తెలుపు ఫొటో అయినా సరే.

నలుపు తెలుపుని రంగుల్లో ఎందుకంటే, కాగితం పసుపుదనం, అంచుల్లో నలుపు మీద తేలే వెండి మెరుపు, ఇవన్నీ అది ఏ రకం ప్రింటో చెప్పే ఆనవాళ్లు. స్కానర్‌లో "ఆటో కరెక్షన్" ఆన్‌లో ఉంటే వాటిని శుభ్రంగా తుడిచేస్తుంది. "దుమ్ము తొలగింపు" ఇంకా ప్రమాదం. ఒక రేవు ఫొటోలో పడవ తెరచాప కొయ్య మీద చిన్న జెండా ఉంది, భూతద్దంలో కనిపించింది. స్కాన్‌లో లేదు, దుమ్మనుకుని తీసేసింది. రెండూ ఆపేసి, అవి ఆన్‌లో ఉండగా చేసిన 22 ఫొటోలు మూడోసారి చేశాను.

ఫైలు పేర్లు కూడా మార్చాను. మొదట సంవత్సరంతో పేరు పెట్టాను. సంవత్సరం తప్పని తేలినప్పుడల్లా పేరు మార్చడం, లింకులు తెగడం. ఇప్పుడు ఇంటి నంబరు, వరస నంబరు, ముందు లేదా వెనక, అంతే. కాలం అనేది రిజిస్టరులో ఉండాలి, ఫైలు పేరులో కాదు.

ఇప్పటిదాకా: ఇళ్లు 22, ఫొటోలు 163, కాగితాలు 88. రెండోసారి చేసినవి 58, మూడోసారి 22.

దశ 3: ఫొటో ఏనాటిది? (9–17 వారాలు)

మొదట నా రిజిస్టరులో "సంవత్సరం" అని ఒకటే గడి ఉండేది. ఇంటివాళ్లు చెప్పింది అందులో వేసేవాణ్ని. ఆ గడిని ఎందుకు మూడు ముక్కలు చేయాల్సి వచ్చిందో రెండు ఫొటోలు చెబుతాయి.

మొదటిది పుష్కరాల ఫొటో. రాజమండ్రి రేవు మెట్ల మీద ఎనిమిదిమంది, వెనక రైలు బ్రిడ్జి. అది హేవలాక్ బ్రిడ్జి, 56 ఖానాలది. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచాయి, 1997లో ఆపేశారు. కొంత దూరంలో రోడ్డు కం రైలు బ్రిడ్జి 1974లో తెరిచారు. ఫొటోలో ఒకటే బ్రిడ్జి ఉంది కాబట్టి 1974కి ముందే, అంటే 1967 పుష్కరాలు, అని రాసేశాను. నెల తర్వాత ఇంకో ఇంట్లో అదే మెట్లు, అదే మనుషులు, అవే బట్టలు. కెమెరా మాత్రం ఎదురుదిక్కు చూస్తోంది, దూరాన రోడ్డు కం రైలు బ్రిడ్జి. కాబట్టి 1979 లేదా 1991. మనుషుల వయసుల్ని బట్టి 1979. ఫొటోలో ఒకటి కనబడలేదంటే అప్పటికి లేదని కాదు. కెమెరా ఎటు చూస్తోందో ముందు తేల్చాలి. ధవళేశ్వరం ఫొటోలకీ ఇదే జాగ్రత్త. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నీళ్లలో తక్కువ ఎత్తు గోడ. వరసగా పెద్ద గేట్లు కనిపిస్తే అది ఇప్పటి బ్యారేజీ, దాని పనులు 1970లలో మొదలయ్యాయి. కానీ ఒడ్డున నిలబడి నది వైపు తీసిన ఫొటోలో రెండూ ఉండకపోవచ్చు.

రెండోది వరద ఫొటో, నంబరు 117. 6×9 ప్రింటు, అంచులు ముగ్గులా కత్తిరించినవి. పెంకుటింటి చూరు దాకా నీళ్లు. కప్పు మీద తొమ్మిదిమంది. వెన్నుగోడ దగ్గర ఒకావిడ, చంకలో పిల్లాడు, రెండో చేతిలో ఇత్తడి బిందె. పిల్లాడి మొలతాడు దాకా స్పష్టంగా ఉంది. ఇంటి అత్తయ్యగారు చూడగానే "ఎనభయ్యారు వరదండీ ఇది, నేనే ఆ పిల్లోణ్ని ఎత్తుకున్నది" అన్నారు. ఊళ్లో ఎవర్నడిగినా ఎనభయ్యారే అన్నారు. గోదావరి వాళ్లకి వరదంటే 1986 ఆగస్టే, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద. అలాగే రాసుకున్నాను.

కానీ ప్రింటు చూస్తే మనసొప్పలేదు. ఆ ముగ్గుల అంచు, ఆ సైజు 1986కి బాగా పాతబడిపోయినవి. ఆ వీధిలో 86 నాటికి కరెంటు స్తంభాలున్నాయని అందరూ చెబుతున్నారు, ఫొటోలో ఒక్కటీ లేదు. (పుష్కరాల ఫొటో దగ్గర దెబ్బతిన్నాక ఇలాంటి "లేదు"ని నమ్మడం మానేశాను కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకోలేదు.) అప్పుడు అదే ఇంటి కాగితాల కట్టలో 1962 నాటి పంపకాల దస్తావేజు చదివాను. హద్దుల దగ్గర, ఫొటోలో పెంకుటిల్లున్న చోటు "ఖాళీ దొడ్డి" అని ఉంది. అంటే 1962కే ఆ ఇల్లు లేదు. అంతకుముందు పెద్ద వరద 1953 ఆగస్టుది, భద్రాచలం దగ్గర 72.5 అడుగులు. అత్తయ్యగారి భర్త ఎస్సెల్సీ పుస్తకంలో పుట్టిన సంవత్సరం 1951. బడిలో వేసిన తేదీ ఏడాది అటూ ఇటూ ఉండడం మామూలే అయినా, చంకలో పిల్లాడికి రెండేళ్లంటే సరిపోతుంది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. 86లో ఆవిడా కొడుకుని ఎత్తుకుని అటకెక్కారు. ఆ గుర్తు ఈ బొమ్మకి అంటుకుంది. వెళ్లి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. దస్తావేజు, ఎస్సెల్సీ పుస్తకం, ఫొటో మూడూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే ఆ చంకలో పిల్లోడు మీ మావయ్యగారన్నమాట, బాబూ. ఎత్తుకున్నది మా అత్తగారు" అన్నారు. మావయ్యగారి చిన్ననాటి ఫొటో ఆ ఇంట్లో అంతవరకు ఒక్కటీ లేదు.

ఆ రోజు నుంచి గళ్లు మూడు: చెప్పినది, కనిపించేది, తేల్చినది. మొదటిదాన్ని ఎప్పటికీ చెరపను. మూడోదాని పక్కన కారణం, నమ్మకం స్థాయి: ఖాయం, దాదాపు, తేలలేదు.

ఇప్పటిదాకా 163 ఫొటోల్లో ఖాయం 37, దాదాపు 79, తేలలేదు 47. మూడు గళ్లు లేనప్పుడు రాసిన 96 వరసల్నీ మళ్లీ రాశాను.

దశ 4: కాగితాలు చదవడం (18–25 వారాలు)

కరణాల (ఊరి భూమి, శిస్తు లెక్కలు రాసేవాళ్ల) గొలుసుకట్టు రాత చదవడానికి రెండు వారాలు కళ్లు నొప్పెట్టాయి. కలం ఎత్తకుండా రాసిన రాత, తలకట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నాకు పనికొచ్చిన దారి ఒకటే. ఎప్పుడూ ఒకేలా ఉండే మాటలతో మొదలుపెట్టడం. చివర్లో "సాక్షులు", "చేవ్రాలు", "నిశానీ" (వేలిముద్ర లేదా గుర్తు), "దస్తూరి" (రాసినవాడి పేరు) తప్పకుండా ఉంటాయి. వాటి అక్షరాల రూపాలు ఒక కాగితం మీద దించుకుని, అదే చేతిరాతలో మిగతా మాటలు పట్టుకోవడం. ఒక కరణం రాత వచ్చాక ఆయన రాసిన కట్టంతా చదవొచ్చు. ఇంకో కరణం వస్తే మళ్లీ మొదటినుంచి.

అంకెల దగ్గర పెద్ద పొరపాటు చేశాను. ఒక శిస్తు చిట్టాలో నాలుగు పద్దులు: 12, 9, 15, 7. కూడితే 43. కింద కరణం వేసిన మొత్తం 44. ఆయన లెక్క తప్పాడని రాసుకున్నాను. మూడు రోజుల తర్వాత, అంకెల పక్కనున్న గీతలు అలంకారం కాదని తెలిసింది. నిలువు గీత ఒక్కొక్కటి పావు రూపాయి, అంటే నాలుగణాలు. అడ్డగీత ఒక్కొక్కటి అణా, రూపాయిలో పదహారో వంతు. మళ్లీ చదివితే:

1. 12, రెండు నిలువు, మూడు అడ్డం: 12 రూపాయల 11 అణాలు.
2. 9, ఒక నిలువు, రెండు అడ్డం: 9 రూపాయల 6 అణాలు.
3. 15, ఒక నిలువు: 15 రూపాయల 4 అణాలు.
4. 7, మూడు అడ్డం: 7 రూపాయల 3 అణాలు.

మొత్తం 44 రూపాయల 8 అణాలు. కింద 44 పక్కన రెండు నిలువు గీతలు ఉండనే ఉన్నాయి. కరణం లెక్క అణాతో సహా సరిపోయింది. అప్పటికే ఎక్కించిన 19 చిట్టాలు తిరగరాశాను. మొత్తం ఉన్న కాగితం దొరికితే ముందు కూడి చూడండి. మీ చదువు సరైందో కాదో అదే చెబుతుంది.

అదే కట్టలో ఒక కౌలు ముచ్చిలిక (కౌలుదారు రాసిచ్చే ఒప్పంద పత్రం), పైభాగం చిరిగి స్టాంపు పోయింది. మిగిలిన తేదీ "శార్వరి నామ సంవత్సరం శ్రావణ బహుళ పంచమి". ఇంటివాళ్లు "మా తాతగారిది" అన్నారు, పేరు కూడా తాతగారిదే. 1960 అని వేశాను. శార్వరి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1960 కావచ్చు, 1900 కావచ్చు, 1840 కూడా కావచ్చు. మనవడికి తాత పేరు పెట్టే మన ఇళ్లలో పేరు చూసి తరం చెప్పలేం. కాగితం మడతలో "ఫసలీ 1310" అని సగం చెరిగి ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన జూలై ఏ ఏడాదిదో వస్తుంది. 1310కి 590 కలిపితే 1900. అది తాతగారి తాతగారి కాగితం.

స్టాంపు మిగిలి ఉంటే పని తేలిక. విక్టోరియా బొమ్మైతే 1901 ప్రాంతం దాకా, ఆ తర్వాత ఏడో ఎడ్వర్డ్, 1910 నుంచి ఐదో జార్జి, 1936 నుంచి ఆరో జార్జి. పాత స్టాంపు కాగితాలు కొంతకాలం వాడుకలో ఉంటాయి కాబట్టి ఒకటి రెండేళ్లు వెసులుబాటు ఉంచండి.

ఊరి లెక్కల విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక దఫ్తరాలు చేతులు మారాయి. ఒక ఆఫీసులో మా ఊరి అడంగళ్ల (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే లెక్కల) కట్ట చూపించారు. వానకి తడిసి, ఎండి, ఇటుకలా గట్టిపడింది. విడదీయడానికి ప్రయత్నించలేదు. పెళ్లి ఫొటో గుర్తొచ్చింది. నాలుగువైపులా ఫొటో తీసుకుని, పైకి కనిపించే ఒక్క పేజీ రాసుకుని వచ్చేశాను.

ఇప్పటిదాకా: కాగితాలు 112. పూర్తిగా చదివినవి 71.

దశ 5: మ్యాపు మీద మ్యాపు (26–31 వారాలు)

పాత గ్రామ పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరచడం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడాను, ఉచితం. మూడు తప్పులు వరసగా:

1. పటం జిరాక్సు కాపీ. స్కేలు 16 అంగుళాలకు ఒక మైలు. స్కేలు గీత కొలిస్తే 10 అంగుళాలు ఉండాల్సింది 9.7 ఉంది. అసలు పటం అడిగి, రూళ్లకర్ర పక్కన పెట్టి కెమెరాతో తీశాను.
2. సర్వే పుస్తకంలో గట్ల కొలతలు అడుగులనుకున్నాను. పొలాల పొడవు వెడల్పులన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దవైపోయాయి. అవి లింకులు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. 250 లింకులంటే 165 అడుగులు.
3. పటంలోనూ ఉపగ్రహ చిత్రంలోనూ ఉన్న ఆనవాళ్లుగా ఆరు బిందువులు తీసుకున్నాను, రెండు ఏటిగట్టు మీదవి. రెంటికీ మధ్య సగటు తేడా 41 మీటర్లు. లంకలో ఒడ్డు కదలకుండా ఉంటుందా? అవి తీసేసి గుడి ధ్వజస్తంభం, కాలవ లాకు, మూడూళ్ల హద్దులు కలిసే సర్వే రాయి, పాత బావి కలిపాను. ఎనిమిది బిందువులతో 7 మీటర్లకు దిగింది.

పటంలో గుడి నుంచి ఏటి ఒడ్డుకి 1150 అడుగులు. ఇప్పుడు టేపు పెట్టి కొలిస్తే 610. వరద ఫొటోలోని పెంకుటిల్లు ఈ రెంటి మధ్య ఉండేది. ఆ చోటు ఇప్పుడు నీళ్లలో ఉంది.

దశ 6: చెన్నై ప్రయాణం (32–36 వారాలు)

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మొదటిసారి రెండు రోజులు వృథా చేసుకున్నాను, సూచికల్లో "తూర్పు గోదావరి" అని వెతికాను. ఆ పేరు 1925 నుంచే. వెతకాల్సిన తీరు:

1. 1859కి ముందు: రాజమండ్రి జిల్లా.
2. 1859 నుంచి 1925 దాకా: గోదావరి జిల్లా, ఇంగ్లీషులో ఒకటికి రెండు స్పెల్లింగులతో.
3. నరసాపురం, భీమవరం, తణుకు వైపు ఊళ్లైతే 1904–1925 మధ్య కృష్ణా జిల్లాలో.

రెండోసారి వెళ్లేముందు మోరిస్ 1878 జిల్లా మాన్యువల్, హెమింగ్‌వే 1907 గెజిటీరు చదివి, ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాశారో జాబితా వేసుకున్నాను. ఐదు రకాలు. ఐదోదాంతో రెండు జీవోలు దొరికాయి, ఒకటి లంక భూముల వేలం గురించి, ఒకటి రేవు గురించి.

ఇవాళ్టికి లెక్క (39వ వారం)

ఇళ్లు 31. ఫొటోలు 211: ఖాయం 52, దాదాపు 118, తేలలేదు 41. కాగితాలు 134: పూర్తిగా చదివినవి 97, సగం సగం 26, ఒక్క ముక్కా అర్థం కానివి 11. నకళ్లు మూడు చోట్ల: నా డిస్కు, ఊరి లైబ్రరీలో ఒక డిస్కు, ఆన్‌లైన్‌లో ఒకటి. ప్రతి ఇంటికీ వాళ్ల ఫొటోల ప్రింట్లు, ఒక పెన్‌డ్రైవ్, పెట్టెల్లో కలరా ఉండలు ఫొటోలకి తగలకుండా ఎక్కడ పెట్టాలో ఒక చీటీ.

117వ వరస ఇప్పుడు ఇలా ఉంది. చెప్పినది: 1986 వరద, ఎత్తుకున్నది అత్తయ్యగారు. కనిపించేది: చూరు దాకా నీళ్లు, కప్పు మీద తొమ్మిదిమంది, బిందె, మొలతాడు, 6×9 ప్రింటు, ముగ్గు అంచు. తేల్చినది: 1953 ఆగస్టు, దాదాపు. మిగతా ఏడుగురి పేర్లు: ముగ్గురివి దొరికాయి, నలుగురివి ఇంకా అడుగుతున్నాను.